కణంలో దాగిన దొంగ – రంగు పూయని చూపు

'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని మన పెద్దల మాట. మలేరియా పరాన్నజీవి విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. దోమకాటుతో శరీరంలో ప్రవేశించిన ఈ సూక్ష్మజీవి మొదట కాలేయంలో తలదాచుకుంటుంది. ఆపైన రక్తంలోని ఎర్రకణాలలో చొరబడి అక్కడే కాపురం పెడుతుంది. శరీరంలోని ఇతర కణాలు తమ లోపల జరుగుతున్న సంగతులను మాంసకృత్తుల తునకల రూపంలో పైపొర మీద ప్రదర్శిస్తాయి. రోగనిరోధక వ్యవస్థ ఆ తునకలను చూసి దొంగ ఉన్న ఇంటిని గుర్తిస్తుంది. పరిపక్వమైన ఎర్రకణానికి కేంద్రకం లేదు, అటువంటి ప్రదర్శనకు తగిన ఏర్పాటూ లేదు. అందువల్ల మలేరియా క్రిమికి ఇంతకంటె క్షేమమైన దాపు మరొకటి దొరకదు.

రోగనిరోధక వ్యవస్థకే చిక్కని ఈ దొంగను మానవుడు చూడగలగడం ఎలా? శతాబ్దం పైచిలుకుగా శాస్త్రజ్ఞులు దీనికి ఇస్తున్న సమాధానం ఒక్కటే: రంగు వేయడం. కాని రంగు వేస్తే కనిపించేది దొంగ శవమే గాని దొంగతనం కాదు. ప్రాణంతో ఉన్న కణంలో, ప్రాణంతో ఉన్న పరాన్నజీవిని, ఏ రంగూ పూయకుండా, ఏ గుర్తూ తగిలించకుండా చూసే విద్యను నేటి విజ్ఞానం క్రమంగా సాధిస్తున్నది. ఈ కృషిలో ఆస్ట్రేలియా, అందులోనూ మెల్బోర్న్ నగరం, ప్రముఖ స్థానం సంపాదించుకుంది. ఆ విద్యకు మూలమైన రెండు తీగలు తెలుగు నేలను తాకుతూ సాగడం మనకు మరింత ఆసక్తి కలిగించే అంశం.

రంగుల యుగం

జీవకణం దాదాపు పారదర్శకమైనది. నీటిలో వేసిన గాజుముక్క ఎలా కనుమరుగవుతుందో, ద్రవంలో ఉన్న కణం కూడా సాధారణ సూక్ష్మదర్శిని కింద అలాగే వెలవెలబోతుంది. ఈ ఇబ్బందిని దాటడానికి 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు అద్దకపు రంగులను ఆశ్రయించారు. 1891లో రష్యాకు చెందిన రొమనోవ్‌స్కీ నీలం, ఎరుపు రంగుల మిశ్రమంతో మలేరియా క్రిమి కేంద్రకాన్ని స్పష్టంగా చూపించాడు. 1904లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు గుస్తావ్ గీమ్సా ఆ మిశ్రమాన్ని స్థిరపరచాడు. నేటికీ ఏ ఊరి ఆసుపత్రిలోనైనా వేలికొస నుండి రక్తపుచుక్క తీసి, గాజుపలక మీద పరచి, మలేరియా ఉన్నదీ లేనిదీ తేల్చేది చాలావరకు ఈ గీమ్సా రంగుతోనే.

ఈ పద్ధతి లక్షలాది ప్రాణాలను నిలిపింది. అయితే దీనికి చెల్లించవలసిన మూల్యం ఒకటుంది. పలుచగా పరచిన రక్తపు పొరను ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, ఆ తరువాతే రంగు వేస్తారు. అప్పటికి కణమూ, అందులోని క్రిమీ చనిపోయి ఉంటాయి. అది ఆగిపోయిన గడియారాన్ని చూసి ముల్లు నడిచే తీరును ఊహించడం వంటిది. 20వ శతాబ్దం చివరి పాదంలో వ్యాప్తికి వచ్చిన ప్రతిదీప్తి రంగులు బ్రతికి ఉన్న కణాలను సైతం వెలిగించగలిగాయి. కాని వాటిని వెలిగించడానికి వాడే తీవ్రమైన కాంతి కణానికి హాని చేస్తుంది. పైగా, మెరిసే మాంసకృత్తును తయారుచేసేలా జన్యువును మార్చిన క్రిమి అన్ని విధాలా సహజమైన క్రిమి వలెనే ప్రవర్తిస్తుందన్న పూచీ లేదు. చూసే పనే చూడబడే దానిని మార్చివేయడం ఇక్కడి చిక్కు.

సికింద్రాబాదు నల్లరేణువులు

రంగు లేకుండా చూడడం కొత్త ఆలోచన కాదు. మలేరియా చరిత్రలోని రెండు మహత్తర ఆవిష్కరణలు రంగు సాయం లేకుండానే జరిగాయి. 1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ ఒక రోగి తాజా రక్తాన్ని పరిశీలిస్తూ, నల్లని రేణువులు గల గుండ్రని వస్తువు నుండి కొరడాల వంటి పోగులు వెలువడి చురుకుగా కదలడం చూశాడు. రక్తాన్ని ఆరబెట్టి రంగు వేసి ఉంటే ఆ కదలిక ఆయనకు కనిపించేదే కాదు.

రెండవ ఆవిష్కరణ మన సికింద్రాబాదులో జరిగింది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపు పొరలో కొన్ని గుండ్రని కణాలను చూశాడు. దోమ శరీరంలో ఉండే కణాలు ఎన్నో ఉండగా ఇవి మలేరియాకు సంబంధించినవేనని ఆయన ఎలా గుర్తుపట్టాడు? వాటిలో ఉన్న నల్లని రేణువులే ఆనవాలు పట్టించాయి. రోగుల రక్తంలో చూసి చూసి కంటికి అలవాటైన అవే రేణువులు దోమ కడుపులోనూ కనిపించాయి. మరునాడు మరొక దోమలో అటువంటి కణాలే మరింత పెరిగి కనిపించడంతో ఆయన సందేహం తీరింది. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇంతకూ ఆ నల్లరేణువు ఏమిటి? ఎర్రకణం నిండా ఉండే హిమోగ్లోబిన్ మలేరియా క్రిమికి గాదెలోని ధాన్యం వంటిది. క్రిమి దానిని తన జీర్ణకోశికలోకి తీసుకుని మాంసకృత్తు భాగాన్ని అరిగించుకుంటుంది. మిగిలిన ఇనుముతో కూడిన 'హీమ్' క్రిమికే విషం. దానిని బయటికి పారవేసే దారి లేక, క్రిమి ఆ విషాన్ని కరగని స్ఫటికాలుగా పేర్చి నిలవ చేసుకుంటుంది. ఈ స్ఫటికమే హిమోజాయిన్. క్లోరోక్విన్ మందు పనిచేసేది కూడా ఇక్కడే. అది స్ఫటికం ఏర్పడకుండా అడ్డుపడి, క్రిమిని దాని విషంతోనే చంపుతుంది. అంటే, దొంగ తిని పారవేసిన ఎంగిలి విస్తరే దొంగ జాడ తెలిపే సాక్ష్యం. ప్రకృతి స్వయంగా పెట్టిన ఈ గుర్తు ఉండగా మనం వేరే రంగు పూయవలసిన అవసరం ఏముంది?

కాంతి ఆలస్యమే చిత్రం

పారదర్శకమైన కణం కాంతిని అడ్డగించకపోయినా, దానిని కొంత ఆలస్యం చేస్తుంది. పక్కపక్కనే బయలుదేరిన రెండు ఎడ్లబండ్లలో ఒకటి గట్టిబాట మీద, మరొకటి ఇసుకదారిన పోతే రెండవది వెనుకబడుతుంది. అలాగే కణంలోని చిక్కని భాగం గుండా వెళ్ళిన కాంతితరంగం, పలుచని భాగం గుండా వెళ్ళిన తరంగం కంటె వెనుకబడుతుంది. ఈ తేడాను మానవనేత్రం గుర్తించలేదు. డచ్చి భౌతిక శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ జెర్నికే 1930వ దశకంలో ఈ ఆలస్యాన్ని వెలుగునీడల తేడాగా మార్చే ఉపాయం కనిపెట్టాడు. ఫేజ్ కాంట్రాస్ట్ అని పేరుపొందిన ఈ పద్ధతికి 1953లో నోబెల్ బహుమతి దక్కింది. తరువాత జార్జ్ నొమార్‌స్కీ రూపొందించిన వ్యతికరణ పద్ధతి కణాలను శిల్పాల వలె ఎత్తుపల్లాలతో చూపగలిగింది.

ఈ పద్ధతులు చిత్రాన్ని చూపాయి గాని, ఆలస్యం ఎంత అన్న లెక్క చెప్పలేదు. 1998లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో కీత్ న్యూజెంట్ బృందం ఆ లెక్క తేల్చే సులభమైన మార్గాన్ని ప్రకటించింది. మామూలు సూక్ష్మదర్శినిలోనే వస్తువును స్పష్టంగా ఒకసారి, స్పష్టతకు అటూ ఇటూ జరిపి మరికొన్నిసార్లు చిత్రాలు తీస్తే, వాటి మధ్య తేడాల నుండి కాంతి ఆలస్యాన్ని గణితం ద్వారా రాబట్టవచ్చునని వారు చూపించారు. ఆలస్యం తెలిస్తే, కణంలో ఏ భాగంలో ఎంత పదార్థం ఉన్నదో అంచనా వేయవచ్చు.

మలేరియాకు ఈ లెక్క ఎంతో విలువైనది. 2008లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు ఏ రంగూ వాడకుండా, మలేరియా సోకిన ఎర్రకణాల లోపలి వక్రీభవన గుణకాన్ని మూడు దిశలలో కొలిచారు. క్రిమి పెరుగుతున్న కొద్దీ కణంలోని హిమోగ్లోబిన్ తరిగిపోవడం, కణపు పొర సహజమైన కదలికను కోల్పోయి బిరుసెక్కడం ఆ కొలతలలో తేటతెల్లమయ్యాయి. ఆ బిరుసుదనమే రోగికి ప్రాణాంతకం. మెత్తగా వంగి సన్నని రక్తనాళాలలో దూరిపోవలసిన ఎర్రకణాలు గట్టిపడి, నాళపు గోడలకు అతుక్కుపోతాయి. అటువంటి అడ్డంకులు మెదడులో ఏర్పడితే రోగి స్పృహ కోల్పోతాడు.

ఒక్క నిమిషపు నాటకం

క్రిమి ఎర్రకణంలోకి ప్రవేశించే ఘట్టం నిమిషం లోపే ముగుస్తుంది. ఒక మైక్రాను పైచిలుకు పొడవు గల మెరోజాయిట్ అనే క్రిమిరూపం, ఏడెనిమిది మైక్రాన్ల వెడల్పు గల ఎర్రకణాన్ని తాకి, దాని పొరను కుదిపి, తన మొనను కణం వైపు తిప్పుకుని లోనికి జారిపోతుంది. ఇంత వేగంగా జరిగే నాటకాన్ని రంగు వేసిన పలక మీద చూడడం సాధ్యం కాదు. 1975లో అమెరికాలో డ్వోరక్, మిల్లర్ ప్రభృతులు కోతులలో కనిపించే మలేరియా క్రిమితో ఈ దృశ్యాన్ని మొదటిసారి వీడియోలో బంధించారు.

మానవులకు అత్యంత ప్రమాదకరమైన ఫాల్సిపారం క్రిమి ప్రవేశాన్ని వివరంగా కొలిచి చూపినది మెల్బోర్న్‌లోని బర్నెట్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ పాల్ గిల్సన్, బ్రెండన్ క్రాబ్ 2009లో ప్రకటించిన పరిశీలన ఈ నాటకాన్ని మూడు అంకాలుగా విభజించింది. మొదటి అంకంలో క్రిమి తాకిడికి కణం అలలు అలలుగా వంగుతుంది. రెండవ అంకంలో క్రిమి లోనికి ప్రవేశిస్తుంది. మూడవ అంకంలో, అంతా ముగిసిందనుకున్న తరుణంలో, కణం ఉన్నట్టుండి ముడుచుకుపోయి పల్లేరుకాయ వలె ముళ్ళు లేచి, కొన్ని నిమిషాల తరువాత మళ్ళీ మునుపటి రూపానికి వస్తుంది.

ఈ కాలక్రమం తెలియడం వల్ల టీకా పరిశోధనకు మంచి ఆధారం దొరికింది. క్రిమి మీది ఏదైనా ఒక మాంసకృత్తును ప్రతిరక్షకంతో కట్టివేసి, నాటకం ఏ అంకంలో ఆగిపోయిందో చూస్తే, ఆ మాంసకృత్తు చేసే పని ఏదో బోధపడుతుంది. టీకాకు ముఖ్య లక్ష్యంగా పరిశోధకులు ఎంచుకున్న ఆర్.హెచ్.5 అనే మాంసకృత్తు పాత్రను అర్థం చేసుకోవడంలో ఇటువంటి పరిశీలనలు తోడ్పడ్డాయి. దొంగ ఏ తాళం ఎప్పుడు తీస్తాడో తెలిస్తేనే గదా ఆ తాళాన్ని మార్చగలం!

విశాఖ బాలుని కాంతి

రెండవ తెలుగు తీగ ఇక్కడ కలుస్తుంది. సర్ చంద్రశేఖర వెంకట రామన్ జన్మించినది తిరుచిరాపల్లిలోనే అయినా, బాల్యం, తొలి కళాశాల చదువు గడిచినది విశాఖపట్నంలో. ఆయన తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ కనుగొన్న సత్యం ఇది: ఏదైనా పదార్థం మీద ఒకే రంగు కాంతిని ప్రసరింపజేస్తే, చెదిరిన కాంతిలో అత్యధిక భాగం అదే రంగులో ఉంటుంది. కాని అతి స్వల్పభాగం, ఆ పదార్థపు అణువుల కంపనాల వల్ల, కొద్దిగా రంగు మారి వెలువడుతుంది. ప్రతి అణువుకూ తనదైన కంపనాల వరుస ఉన్నందున, చెదిరిన కాంతిని విశ్లేషిస్తే అణువు పేరు తెలుస్తుంది. వీణ మీటిన ధ్వనిని బట్టి అది ఏ తీగో పోల్చుకోవడం వంటిదే ఇది.

మెల్బోర్న్ శివారు క్లేటన్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంలో బేడెన్ వుడ్, డాన్ మెక్‌నాటన్ తదితరులు 2003లో ఈ రామన్ కాంతిని మలేరియా సోకిన ఎర్రకణం మీద ప్రయోగించారు. ఎరుపుకు ఆవల, పరారుణానికి చేరువలో ఉన్న లేజరు కాంతి పడినప్పుడు హిమోజాయిన్ స్ఫటికం నుండి వచ్చే సంకేతం అనూహ్యంగా బలపడుతుందని వారు గమనించారు. స్ఫటికంలోని హీమ్ అణువులు ఒకదానికొకటి దగ్గరగా పేర్చబడి సామూహికంగా స్పందించడమే ఇందుకు కారణమని వివరించారు. తత్ఫలితంగా క్రిమి జీర్ణకోశికలో స్ఫటికం ఉన్న చోటును రంగు లేకుండానే చిత్రించగలిగారు. సికింద్రాబాదులో రాస్ కంటితో గుర్తుపట్టిన నల్లరేణువు, విశాఖలో చదువుకున్న రామన్ కాంతితో, ఒక శతాబ్దం తరువాత ఆస్ట్రేలియాలో తన అణునిర్మాణాన్ని తెలియజేసింది.

మొనాష్ పరిశోధకులు అక్కడితో ఆగలేదు. అదే క్లేటన్‌లో 2007లో ప్రారంభమైన ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్ అత్యంత ప్రకాశవంతమైన పరారుణ కాంతిని అందిస్తుంది. ఎర్రకణంలోని క్రిమి ఉంగరపు దశలో ఉన్నదా, పెరుగుదల దశలో ఉన్నదా, విభజన దశలో ఉన్నదా అన్నది దానిలోని కొవ్వులు, మాంసకృత్తులు, హిమోజాయిన్‌ల పరారుణ శోషణను బట్టి వేరుచేయవచ్చునని 2009లో వెలువడిన పరిశోధన నిరూపించింది.

దొంగ నేర్చిన ఎత్తుకు పైఎత్తు

ఇంతవరకు చెప్పినది వింటే ఇక మలేరియా నిర్ధారణకు హిమోజాయిన్ ఒక్కటే చాలునని తోచవచ్చు. కాని ఫాల్సిపారం క్రిమి అంత తేలికగా చిక్కదు. హిమోజాయిన్ దండిగా ఉండే పెద్ద వయసు క్రిములున్న కణాలు రక్తనాళపు గోడలకు అతుక్కుని లోపలి అవయవాలలో దాగి ఉంటాయి. వేలికొస నుండి తీసిన రక్తంలో దొరికేవి చాలావరకు ఉంగరపు దశలో ఉన్న పసి క్రిములే. వాటిలో హిమోజాయిన్ అత్యల్పం. ఈ కారణంగా మొనాష్ బృందం 2014లో తన దృష్టిని క్రిమి పెరుగుదలతో మారే కొవ్వు పదార్థాల వైపు మళ్ళించి, ప్రయోగశాలలో పెంచిన ఉంగరపు దశ క్రిములను పరారుణ పద్ధతితో పసిగట్టవచ్చునని చూపించింది. 2019లో థాయిలాండ్‌లో రోగుల రక్తంపై ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి.

పరిమితులు ఇంకా ఉన్నాయి. నీరు పరారుణ కాంతిని విపరీతంగా పీల్చుకుంటుంది గనుక రక్తాన్ని ఆరబెట్టి చూడడమే సులభం. అప్పుడు జీవకణాన్ని చూసే అవకాశం పోతుంది. రామన్ సంకేతం సహజంగా బలహీనమైనది. లేజరు తీవ్రత పెంచితే నల్లని స్ఫటికం వేడెక్కి కణం దెబ్బతింటుంది. అన్నిటినీ మించి, రంగు లేని చిత్రం ఆకారాన్నీ బరువునూ చెబుతుంది గాని, ఫలానా మాంసకృత్తు ఫలానా చోట ఉన్నదని చెప్పలేదు. 2021లో మెల్బోర్న్‌లోనే వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థ, క్రిమి చుట్టూ ఏర్పడే సంచి పొర ప్రధానంగా ఎర్రకణపు పొర నుండే వస్తుందని నిరూపించడానికి ప్రతిదీప్తి రంగులనే వాడవలసివచ్చింది. రంగుతో చూపు, రంగు లేని చూపు పరస్పర శత్రువులు కావు. ఒకటి పేరు చెబుతుంది, మరొకటి నడత చెబుతుంది.

ఎవరి కోసం ఈ శ్రమ?

ఆస్ట్రేలియాను మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే గుర్తించింది. మరి ఈ దేశానికి ఈ పరిశోధన ఎందుకన్న ప్రశ్న సహజం. టోరెస్ జలసంధికి ఆవల, చూపుమేరలో ఉన్న పాపువా న్యూగినీలో మలేరియా నేటికీ తాండవిస్తున్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో న్యూగినీ అడవులలో ఆస్ట్రేలియా సైనికులను పడగొట్టిన శత్రువులలో మలేరియా ఒకటి. అప్పుడే, 1943లో, నీల్ హామిల్టన్ ఫెయిర్లీ నాయకత్వాన కెయిర్న్స్‌లో నెలకొన్న సైనిక వైద్య పరిశోధన కేంద్రం, అటెబ్రిన్ మాత్రను క్రమం తప్పక రోజూ వేసుకుంటే మలేరియా సైనికులను కూలదోయలేదని రుజువు చేసింది. ఈనాటి మెల్బోర్న్ పరిశోధనలకు ఆ వారసత్వం ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26 కోట్ల 30 లక్షల మలేరియా కేసులు నమోదు కాగా, 5 లక్షల 97 వేల మంది మరణించారు. వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని పసిబిడ్డలు. నేడు ప్రధాన ఔషధమైన ఆర్టిమిసినిన్‌కు క్రిమి లొంగకపోవడం మొదట ఆగ్నేయాసియాలో, ఇప్పుడు తూర్పు ఆఫ్రికాలోనూ కనిపిస్తున్నది. మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలోని లియాన్ టిల్లీ బృందం తదితరుల పరిశోధనల వల్ల దీని కీలకం కొంత తెలిసింది. ఆర్టిమిసినిన్‌ను చైతన్యపరచేది, క్రిమి హిమోగ్లోబిన్‌ను అరిగించినప్పుడు విడుదలయ్యే హీమ్. మొండి క్రిమి తన లేతదశలో హిమోగ్లోబిన్‌ను తక్కువగా తిని, మందు తనను సోకకుండా తప్పించుకుంటుంది. ఒక్కొక్క కణంలో ఎంత హిమోగ్లోబిన్ మిగిలి ఉన్నదో రంగు లేకుండా లెక్కించే విద్యకు ఇక్కడ ఎంత ప్రాముఖ్యం ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

మరొక ప్రమాదం కూడా పొంచి ఉన్నది. పల్లెలలో వాడే తక్షణ పరీక్ష పట్టీలు చాలావరకు హెచ్.ఆర్.పి.2 అనే మాంసకృత్తును పట్టుకుని ఫాల్సిపారం ఉనికిని చెబుతాయి. ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువునే వదిలించుకున్న క్రిములు ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలోనూ, దక్షిణ అమెరికాలోనూ వ్యాపించాయి. అటువంటి క్రిమి సోకిన రోగికి పట్టీ 'లేదు' అని చెబుతుంది, రోగం మాత్రం ముదురుతుంది. జన్యువును వదిలించుకోవడం క్రిమికి సాధ్యమే గాని, హిమోగ్లోబిన్ తినకుండా, దాని విషాన్ని స్ఫటికంగా మార్చకుండా, తన ఒంట కొవ్వులు కూర్చుకోకుండా బ్రతకడం దానికి సాధ్యం కాదు. రంగు లేని చూపు పట్టుకునేది ఈ తప్పించుకోలేని గుర్తులనే.

పాడేరు, అరకు కొండలలో చలిజ్వరం అంటే ఏమిటో తెలియని గిరిజన కుటుంబం ఉండదు. అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఒక అనుభవజ్ఞుడైన ప్రయోగశాల సహాయకుడు పలక తరువాత పలక చూస్తూ కళ్ళు కాయలు కాచే పని చేస్తుంటాడు. కోట్ల డాలర్ల సింక్రోట్రాన్ ఆ కొండ ఎక్కలేదు. కాని సింక్రోట్రాన్ నేర్పిన పాఠంతో, చిన్న పరారుణ పరికరమో, కాంతి ఆలస్యాన్ని లెక్కగట్టే చౌక సూక్ష్మదర్శినో ఆ కొండ ఎక్కగలదు. అది జరిగిననాడు మెల్బోర్న్ శాస్త్రజ్ఞుల శ్రమ సార్థకమవుతుంది. సికింద్రాబాదులో మొదలైన కథ తిరిగి తెలుగు నేలకు చేరినట్లవుతుంది.